చెరిపేసిన పెన్సిల్ గీతలు

పోయిన ఆదివారం పొద్దున ఏడూ ఇరవైకి తొర్రూరు బస్టాండులో మహబూబాబాద్ బస్సు ఎక్కాను. కండక్టరమ్మ ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ ఇచ్చింది. నాతో కలిసి చదివిన సరోజ దినాలకు వెళ్లాను. ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. ఎవరికి చెప్పాలో ఆ మనిషి డెంగీ జ్వరంతో పోయింది. అందుకే మీకు చెబుతున్నాను.

సరోజది గార్ల దగ్గర తండా. ఇంట్లో వాళ్లది లంబాడీ భాష. మాది బచ్చన్నపేట వైపు, భూములున్న ఇల్లు, బాపు బడిపంతులు. మేమిద్దరం తొర్రూరులో ఒకే ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ దూరవిద్యలో ఎమ్మే చరిత్రకు చేరాం. ఆదివారాలు నా గదిలో కూర్చుని అసైన్‌మెంట్లు రాసేవాళ్లం. ఊళ్లోని జూనియర్ కాలేజీలో చరిత్రకు ఒకే ఖాళీ ఉండేది. మార్కులు ఎవరికి ఎక్కువొస్తే వాళ్లకే ఉద్యోగం. ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఇద్దరమూ ఎత్తలేదు.

మా దగ్గర దూరవిద్య చదివేవాళ్లది ఒకటే పద్ధతి. ప్రశ్న ఏదైనా పాఠమంతా దించేయడం. పేజీలు నిండితే మార్కులు పడతాయని నమ్మకం. అలా కాదని బాపు నాకు చెప్పాడు. వివరించమంటే ఉన్నది అర్థమయ్యేలా చెప్పాలి. పోల్చమంటే రెండింటినీ పక్కపక్కన పెట్టాలి. సమీక్షించమంటే మంచిచెడ్డలు తూచి, చివర మన అభిప్రాయం రాయాలి. ప్రశ్నల కాగితం రాగానే ఆ మాటల కింద పెన్సిల్‌తో గీత గీసుకునేదాన్ని. సరోజ ప్రశ్నలు తండా చిరునామాకు పోయేవి, ఆలస్యంగా చేతికొచ్చేవి. అందుకని నా కాగితం చూసి ఎక్కించుకునేది. ఇచ్చే ముందు ఆ గీతలు రబ్బరుతో చెరిపేదాన్ని.

ఒకరోజు తనే అడిగింది.

“అక్కా, వివరించండి, సమీక్షించండి... గివన్నీ ఏంది? మా తండల చెప్పు అంటే అయిపాయె. మీకు గిన్ని మాటలెందుకు?”

“అన్నీ ఒక్కటే. నువ్వు పేజీలు నింపు.”

“నింపుడే గదా! నింపి నింపి వేళ్లు గుంజుతున్నయ్.”

నవ్వింది. నేనూ నవ్వాను.

అప్పుడు సరోజ రాస్తున్నది కాకతీయుల చెరువులను సమీక్షించమన్న ప్రశ్నకు జవాబు. కట్ట, తూము, అలుగు, కాలువ, అన్నీ తప్పు లేకుండా రాసింది. నాకంటే బాగా రాసింది. కానీ ఆ చెరువులు ఎవరికి మేలు చేశాయో, ఎవరికి చేయలేదో తన మాటగా ఒక్క వాక్యం లేదు. పేపరు తిరిగొచ్చినప్పుడు ఎర్ర సిరాతో ఒక ముక్క ఉంది: అడిగింది రాయలేదు.

“నాకు మీ తెలుగు రాదక్కా, గంతే,” అంది సరోజ. ఈసారి నవ్వలేదు.

అప్పుడైనా చెప్పవచ్చు. చెప్పలేదు. టీ పెట్టడానికి లేచాను. ఆమె రెండో ఏడు చేరలేదు. ఉద్యోగం నాకొచ్చింది.

ఉద్యోగం కోసమే చేశానా? చాలాకాలం అదే కారణమని నమ్మాను, ఎందుకంటే ఆశ అన్నది మనుషులు క్షమించగల కారణం. కానీ ఖాళీ సంగతి తెలియకముందు కూడా నేను గీతలు చెరిపాను. మా పొలాల్లో కూలికి వచ్చేది తండాల వాళ్లే. అలాంటి తండా నుంచి వచ్చిన పిల్ల నాకంటే బాగా రాస్తోంది. అది నాకు నచ్చలేదు. మిగతావన్నీ తర్వాత వెతుక్కున్నవి.

దినాల దగ్గర సరోజ చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. “మా అక్క నిన్నే యాది జేసేది. తొర్రూరక్క కాయితాలిచ్చి చదివిచ్చింది అనేది.” నేను తలూపాను. విస్తరి వేస్తే కూర్చుని తిన్నాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నిద్ర కూడా పట్టింది.

తన భాషలోనే లోపం ఉందనుకుని ఆమె పోయింది. లోపం ఉన్నది నా రబ్బరులో. ఇది రాసినందువల్ల ఆమెకు ఒరిగేది ఏమీ లేదు. నాకు మాత్రం కాస్త తేలిగ్గా ఉంది, అది కూడా న్యాయం కాదేమో.

కాలేజీలో పిల్లలు నా దగ్గరున్న పాత పరీక్షల ప్రశ్నల కాగితం అడుగుతుంటారు. ఉన్నదున్నట్టే ఇస్తాను. గీతలు చెరపడం లేదు.