అంబర్ లేని నలభై రోజులు

మొన్న పేపర్లో, తిమింగలం కడుపులో పుట్టే అంబర్‌ను అమ్మబోయి ఎవరో పట్టుబడ్డారన్న వార్త చదివి, ఒలుస్తున్న చిక్కుడుకాయలు పక్కనపెట్టి, చాలాసేపు మనసులో భువనగిరిలోని మా నాయిన మందుల కొట్టులోనే ఉండిపోయాను.

నాయిన ఒక హకీం సాబ్ దగ్గర యునానీ వైద్యం నేర్చుకున్నాడు. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, గుండెదడకు లేహ్యాలు చేసేవారు. నాయిన లేహ్యంలో చివరగా గోధుమగింజంత అంబర్ పడేది. తూచి కలపడం, తేదీ వేసి రాయడం నా పని. సముద్రం ముఖం చూడని మాకు, అది సముద్రం అడుగున ఊరే మైనమని హకీం సాబ్ చెప్పిందే సత్యం.

1989 వేసవిలో, విశాఖపట్నం రేవులో పనిచేసే తమ్ముడు సెలవుకు వచ్చి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఒక తిమింగలం సంగతి చెప్పాడు. తాను వెళ్లేసరికే అంబర్ కోసం ఎవరో దాని కడుపు చీల్చారట, ఏమీ దొరకలేదట. ఏ కొన్నింటిలోనో తప్ప అది ఉండదని, వాటిని చంపడమే కాదు, అంబర్ దగ్గర పెట్టుకోవడమూ నేరమని చెప్పాడు.

నాయిన నూరుడు ఆపి, "మైనమనుకున్న గదరా... జీవమా అది?" అన్నాడు.

అప్పుడే మానేసేవాడే కానీ, ఆ లేహ్యమే తనను బతికిస్తోందని నమ్మిన మా మేనత్త ఉంది. దవాఖాన గోలీలు మింగినా ఆమె ధైర్యమంతా ఆ చెంచాలోనే. అందుకని గోలీలు తప్పకుండా వేయిస్తూ, ఆమెకు చెప్పకుండా అంబర్ లేని లేహ్యం పెట్టి, భయంభయంగా నలభై రోజులు పొద్దున్నే నాడి చూసి రాశాను. అంతకుముందు అంబర్‌తో ఇచ్చిన నలభై రోజుల నాడి లెక్కతో పోలిస్తే తేడా లేదు.

చెబితే అత్త, "మీ నోట్ల మన్నువడ, గిన్ని దినాలు నన్ను ఆగం జేస్తిరి! అయినా సావలే సూడు" అని నవ్వి, మళ్లీ లేహ్యానికే చెయ్యి చాపింది.

నాయిన నవ్వలేదు. తేడా ఉంటే బాగుండునన్నట్టు ఆ పేజీలు తిప్పితిప్పి చూసి, "ముప్పై ఏండ్లు కలిపిన. గీ చిటికెలకు ఎన్ని జీవాలు వోయినయో లెక్కతియ్యి బిడ్డా" అన్నాడు. ఎన్ని కడుపులు చీలిస్తే ఒకదాంట్లో దొరుకుతుందో తెలియక, జీవితంలో మొదటిసారి లెక్క తేల్చలేకపోయాను. నాయిన ఆ రాత్రి అన్నం ముట్టలేదు; మిగిలిన అంబర్ ముక్కను తెల్లవారి అటవీశాఖ ఆఫీసులో ఇచ్చి వచ్చాడు.

ఇప్పుడు మందు సీసా మీద ఏది ఎన్ని మిల్లీగ్రాములో అచ్చువేసి ఉంటుంది. నాలాంటి దానికి అది ముచ్చటే. అందులోది ఏ ప్రాణి నుంచి వచ్చిందో అడిగి, అన్నం సహించక కూర్చునే వైద్యుణ్ని మాత్రం నాయిన తర్వాత నేను చూడలేదు.