వణికే చేతికి మామ ఎంచిన పెట్టె

మొన్న పొద్దున్నే కోరుట్ల నుంచి మా అత్త ఫోను చేసింది. "మీ మామ పోయిండే బిడ్డా. చాయ్ చేతికిచ్చి లోపటికి పోయి అచ్చేసరికి అయిపోయిండు. సప్పుడు సుత చెయ్యలేదు" అంది. నేను అప్పుడు హైదరాబాదులో, కొత్తగా చేరిన ఒకమ్మాయికి నడపడం నేర్పడానికి విమానం ఎక్కబోతున్నాను. ఆ రోజు ఎగరలేదు. ఫోను పట్టుకుని, విమానాలుంచే హ్యాంగర్ చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. కూర్చోమని ఎవరో కుర్చీ వేస్తే కోపం వచ్చింది. సప్పుడు చెయ్యకుండా పోవడమేమిటి? మా మామ అట్లాంటివాడు కాదు.

మా అమ్మకు తమ్ముడాయన. హైదరాబాదులో చిన్న విమానాలు నడపడం నేర్పే ఒక ఫ్లయింగ్ క్లబ్బులో రేడియోలు, మీటర్లు చూసుకునే ఇంజినీరు. ఇల్లు మాత్రం కోరుట్లలోనే. జగిత్యాలలో మా ఇంటికి వస్తే ఒక్క చోట నిలిచేవాడు కాదు. అన్నం నిలబడే తినేవాడు. ఫ్యాను రెక్క, తలుపు గొళ్లెం, అమ్మ కుక్కరు పిడి, ఎక్కడ స్క్రూ వదులైనా జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసేవాడు. "నీ కాళ్లల్ల చక్రాలున్నయారా" అని అమ్మ తిట్టేది. "కూసుంటే నెత్తి కరాబైతది అక్కా" అనేవాడు. ఆ ఒక్క విషయంలో నేను ఆయన పోలికే. ఇప్పుడు ఇది రాస్తూ కూడా ఎన్నిసార్లు లేచానో నాకే తెలియదు.

విమానం నేర్చుకుంటానని నేను అన్నప్పుడు ఇంట్లో నా వైపు మాట్లాడింది ఆయన ఒక్కడే. ఆయన పనిచేసే క్లబ్బులోనే చేరాను. అంతా బాగానే సాగింది, ఒంటరిగా దూరం పోయి రావాల్సిన మొదటి రోజు దాకా. ఆ రోజు మసక కమ్మింది. కింద ఏ ఊరో తెలియదు. ఏ రోడ్డు చూసినా ఒకటే. ఎంతసేపు తిరిగానో గానీ చివరికి గోదావరి కనబడి, దాన్ని పట్టుకుని ఎట్లాగో దారిలో పడ్డాను. దిగాక నా చేతులు వణకడం మొదలుపెట్టాయి. మరునాడూ వణికాయి. ఆ మరునాడూ అంతే. సీట్లో కూర్చుంటే చాలు, వేళ్లు నా మాట వినేవి కావు. క్లబ్బువాళ్లు మంచివాళ్లే. విమానంలో కొత్త జీపీఎస్ పెట్టిస్తున్నామని, అది పెట్టాక ఇంకొక్కసారి ఒంటరిగా పోయి రావచ్చని అన్నారు. అప్పుడూ కాకపోతే ఇంటికి పోవాల్సిందే.

ఏ జీపీఎస్ పెట్టాలో తేల్చే పని మామకు అప్పజెప్పారు. విమానం ముందు పలకలో, మీటర్ల మధ్య బిగించే పెట్టె అది. ఎక్కడున్నాం, ఎటు పోవాలి, ఎంత దూరం అని చెబుతుంది. అమ్మేవాళ్లు చూసుకోమని రెండు రకాలు ఇచ్చారు. ఒకదానికి పెద్ద రంగుల తెర, వేలితో తాకితే పని చేస్తుంది. రెండోదానికి చిన్న తెర, పక్కన తిప్పే గుండీ. నాకు మొదటిదే కావాలి. నేనెక్కడున్నానో బొమ్మలో కనబడుతుంటే ఇక తప్పిపోయేదెక్కడ? మామ మాత్రం తేల్చలేదు. పొద్దున ఒకటి బాగుందనేవాడు, సాయంత్రానికి ఇంకోటి. ఆయన్ను చూస్తే నాకు ఒళ్లు మండేది. నా బతుకు అక్కడ ఆగి ఉంది మరి.

అవి తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి, క్లబ్బు మూతపడింది. అంతకుముందే నేను జగిత్యాల వచ్చేశాను. మామ రెండు పెట్టెలూ తీసుకుని తన పాత జీపులో కోరుట్ల చేరాడు. ఇంట్లో ఊరికే ఉంటాడా? ఓ పొద్దున మా ఇంటి ముందు హారన్ కొట్టాడు. రెండు పెట్టెలనూ చెక్కకు బిగించి, జీపు బ్యాటరీకి తీగలు కలిపి, యాంటెన్నాలు బానెట్ మీద అతికించాడు. "ఎక్కు పిల్లా. ఆకాశంల మూడు మూలలు తిరిగి అస్తవు గదా. గట్లనే నేల మీద తిరుగుదాం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల" అన్నాడు.

"బంద్ ఉన్నది మామా" అన్నాను.

"బంద్ బస్సులకు. మనం ఇమానమోళ్లం."

ఆయన నడుపుతుంటే నేను ఒళ్లో చెక్క పెట్టుకుని దారి చెప్పాలి. నేను తల వంచి తెర చూసినప్పుడల్లా "బయట సూడు" అని గదిమేవాడు. గుంతలో పడి జీపు ఎగిరితే, "గాలి గింతకన్న ఎక్కువ ఎగరేస్తది, ఇప్పుడు నొక్కు" అనేవాడు. కోరుట్ల దాటాం. వేములవాడ ఇంకా దూరం ఉండగానే ఒక ఊరి దగ్గర ఉద్యమం జనం రోడ్డు ఆపి, దాని మీదే పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని రోడ్డు నడుమనే బీడీలు చుడుతున్నారు. జీపు ఆపాల్సి వచ్చింది.

నలుగురైదుగురు వచ్చి బానెట్ మీదివి చూశారు. వాళ్లలో ఒకతను నా ఒళ్లోకి వంగాడు. "ఎవలు మీరు? గీ మిషిన్ ఏంది? మా భూములు కొల్వనీకి అచ్చిండ్రా?"

మామకు గుస్సా వచ్చింది. "బండి మీద జై తెలంగాణ అని రాసుకున్న, కనవడ్తలేదా?"

"గిప్పుడు గది అందరు రాసుకుంటున్నరు" అన్నాడతను తాపీగా.

జనం మూగారు. ఎవరో జీపు తాళంచెవి తీసుకున్నారు. మామ దిగి, "గిది ఇమానంల పెట్టేది తమ్మీ. దారి జూపిస్తది. గీ పిల్లనే ఇమానం నడిపేది" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. చాట పట్టుకునే లేచి వచ్చింది ఒక ముసలమ్మ. "గీ పిల్లనా? భయంగాదా బిడ్డా?" అంది.

"అయితది అవ్వా" అన్నాను. ఆ మాట నేను అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. మామతో కూడా.

ఆమె పెట్టె వైపు చెయ్యి చూపింది. "గిండ్ల మా ఊరున్నదా?"

"లేదవ్వా" అన్నాడు మామ. "గిండ్ల ఎయిర్‌పోర్టులే ఉంటయి. మన ఊరు మనమే పెట్టుకోవాలె." నా వైపు తిరిగి, "ఎక్కియ్యి పిల్లా, వాళ్ల ఊరు" అన్నాడు.

అంతమంది మీద పడి చూస్తున్నారు. తాళంచెవి వాళ్ల దగ్గర ఉంది. నా వేళ్లు మళ్లీ మొదలుపెట్టాయి. పెద్ద తెర మీద ఒక అక్షరం అనుకుంటే పక్కది పడుతోంది. చెరిపి మళ్లీ కొడితే ఇంకోటి. ఎండకు బొమ్మే సరిగా కనబడటం లేదు. "నన్ను నొక్కనియ్యి" అని ముసలమ్మ తంబాకు వేలు పెట్టింది. ఆకు కత్తిరించి కత్తిరించి కాయకట్టిన వేలు, దానికి తెర అసలు పలకనే లేదు. "నాకైతే ఇనదట" అని ఆమె నవ్వితే అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

రెండో పెట్టె గుండీ పట్టుకున్నాను. ఒక్కో మెట్టు తిప్పితే ఒక్కో అక్షరం. మెల్లగా వస్తోంది, కానీ వస్తోంది. గుండీని పట్టుకున్న వేళ్లు దాని మీదే ఆనుకుని నిలబడ్డాయి. ఊరి పేరు పూర్తయ్యేసరికి నా చెయ్యి వణకడం లేదు. ముసలమ్మ తన ఊరి పేరు చూసి, చదవడం రాకపోయినా, తెరను కొంగుతో తుడిచింది. తాళంచెవి తిరిగొచ్చింది. విస్తళ్లలో అన్నం కూడా పెట్టారు.

తల ఎత్తితే మామ పెట్టెను చూడటం లేదు. నా చేతిని చూస్తున్నాడు. అన్నం కూడా తినకుండా అక్కడికక్కడే క్లబ్బు మేనేజరు ఇంటికి ఫోను కొట్టాడు. "గుండీ ఉన్నదే పెడుతున్నం. ఒడిసింది."

సిరిసిల్ల చేరేదాకా ఆయనతో కొట్లాడాను. ఆ పెద్ద బొమ్మ లేకపోతే నేను మళ్లీ తప్పిపోతాను, నా భయం నీకేం తెలుసు అన్నాను. సిరిసిల్ల మగ్గాల షెడ్లు కనబడుతుండగా మామ అన్నాడు: "నీ చెయ్యి వణుకుతదని నాకు ఎప్పుడో తెలుసు పిల్లా. వణకకు అంటే ఆగుతదా? వణికే చెయ్యికి పట్టుకునేది ఒకటి ఉండాలె. దారంటావా, బయటున్నది. బొమ్మ సూసుకుంట పోతే నువ్వు బొమ్మల్నే ఉంటవు." అప్పుడు నా కోపం తగ్గలేదు. ఇప్పుడు నా దగ్గర నేర్చుకునేవాళ్లకు ఆ మాటలే చెబుతున్నాను, ఆయనవని చెప్పి మరీ.

సమ్మె ముగిసింది. పెట్టె బిగించాడు. నేను పోవాల్సిన రోజుకు ముందు సాయంత్రం, పలకలో ఆఖరి స్క్రూ తిప్పుతూ, "సిరిసిల్ల మీదికి అచ్చినంక మానేరు వాగు ఇసుకల సూడు. పెట్టెల గాదు, బయట" అన్నాడు. ఎందుకని అడిగేలోపే బస్సుకు టైమైందని ఉరికాడు.

మరునాడు కూడా పల్చగా మసక ఉంది. జగిత్యాల వచ్చింది, కోరుట్ల వచ్చింది. వెనక్కి తిరిగేసరికి చేతులు వణికాయి. గుండీ పట్టుకున్నాను, సిరిసిల్ల పేరు తిప్పాను, దారి తేలింది. తల ఎత్తి బయటికి చూస్తూ పోయాను. సిరిసిల్ల పక్కన ఎండిన మానేరు తెల్లగా పరుచుకుని కనబడింది. దిగగలిగినంత కిందికి దిగాను. ఇసుకలో ఎవరూ నిలబడి లేరు.

అప్పుడు కనబడ్డాడు. నిలబడితే పైనుంచి మనిషి చుక్కంతే ఉంటాడు, అది ఆయనకు తెలుసు. అందుకని నల్ల ప్యాంటు, నల్ల చొక్కా వేసుకుని, కాలే ఇసుక మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, రెండు చేతులూ బార్లా చాపి, నిండు మనిషంత పొడుగ్గా. చూశానని చెప్పడానికి రెక్కలు అటూ ఇటూ ఊపాను. చెయ్యి ఊపుతాడేమో, లేచి ఉరుకుతాడేమో అనుకున్నాను. నేను దాటిపోయేదాకా మా మామ కదల్లేదు.