అట్ట మీద ఎనిమిదో పేరు

వైటూకే కంప్యూటర్ పనుల కోసం మనవాళ్ళు గుంపులుగా సింగపూర్ వస్తున్న రోజులవి. వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, బుకిట్ బటోక్‌లో రైలెక్కిన ముప్పై ఏళ్ళ ప్రోగ్రామర్ ఒకరు నా చేతిలోని తెలుగు పత్రిక చూసి పక్కన కూర్చున్నారు. నల్ల టీషర్టు, చేతిలో వాక్‌మన్.

"హెవీ మెటల్, అంకుల్. అమెరికాలో చిన్న ఊళ్ళ బ్యాండ్లు. అక్కడ కూడా వీళ్ళనెవరూ ఎరగరు," అంటూ ఒక ఇయర్‌ఫోన్ నాకిచ్చారు.

మొదటి పాట గుర్రప్పరుగు. తర్వాతది ఉత్త ఉరుము. మూడోది ఎంత నిదానమంటే, కిటికీ అవతల తడుస్తున్న ఫ్లాట్లు దాని లయకే వెనక్కి జరుగుతున్నాయనిపించింది.

కాసెట్టు అట్ట మీద ఏడు దేశాలవాళ్ళ పేర్లున్నాయి, ఎవరి చేతిరాత వాళ్ళది. విన్నవాళ్ళు పేరు రాసి మరొకరికి ఇవ్వాలట. ఏడోది ఆయనదే.

"మూడేళ్ళుగా నా దగ్గరే ఆగిపోయింది. ఇస్తానంటే రూమ్మేట్లు నవ్వుతున్నారు. ఈ బ్యాండ్లు ఒక్క రికార్డు కూడా వెయ్యలేదంకుల్. ఇట్లా చేతులు మారినంతకాలమే ఉంటాయి."

"నాకు దీని సంగతేం తెలుసు బాబూ?"

"తెలియక్కర్లా. వినేసి ఎవరికన్నా ఇస్తారుగా?"

ఇస్తానని పేరు రాశాను. ఆయన ఆంగ్ మో కియోలో దిగి, గొడుగు తెరవడం కూడా మరిచి, వానలో తేలిగ్గా నడిచిపోయారు.

తర్వాత అడిగినవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. ఇవ్వబోయిన ప్రతిసారీ ఆ నిదానం పాట మరొక్కసారి విందామనిపించేది. ఎనిమిదో పేరు కింద ఇప్పటికీ ఖాళీయే.