జేజి సాగనంపిన ఎలుకలు

ముందుగా సాష్టాంగపడి క్షమాపణలు... కోటలూ కత్తులూ తాతల పౌరుషాలూ వర్ణించాల్సిన ఈ ఆన్‌లైన్ గోడ మీద నేను ఎలుకల గురించి రాయబోతున్నాను. రాయలసీమ పరువు తీసిన పాపం నాదే. ఏ శిక్షకైనా సిద్ధం... చదివాక వేయండి.

మేం నిక్కర్లు జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని పరుగెత్తే రోజులు... యాభైల నాటి మాట. ఎర్రగుంట్లకు ఎద్దులబండి దూరంలో మా ఊరు. మా నాయన ముచ్చటపడి ఒక పాత మోటారు కారు కొన్నాడు. అది తనంతట తాను నడిచిన రోజులకన్నా మా ఎద్దులు లాక్కొచ్చిన రోజులే ఎక్కువ. అయినా కారు హోదా కారుదే... ఎద్దులను పందిట్లోకి మార్చి, వాటి కొట్టాన్ని దానికిచ్చారు.

ఆ కొట్టంలోనే ఒక మూలన విత్తనం వేరుశనక్కాయల మూటలు. ముందటేడు వానల్లేక పంట పోయింది. మిగిలింది ఆ మూటలే. వాన పడితే ఎర్రచేను విత్తాలి... విత్తనం లేకపోతే చేను బీడే.

సరిగ్గా ఆ మూటలకే ఎలుకలు పట్టాయి.

మా జేజి, అంటే నాయన వాళ్లమ్మ, పొద్దున్నే మూటలను బిడ్డ కడుపు తడిమినట్టు తడిమి చూసేది. రోజురోజుకూ అవి సన్నబడుతుంటే ఆమెకు ముద్ద దిగేది కాదు. నాయన ప్రొద్దుటూరు నుంచి ఎలుకల మందు తెచ్చాడు. జేజి దాన్ని గడప దాటనివ్వలేదు.

"విత్తనం పక్కన విషం పెడ్తావేమిరా? బుద్ధుండాదా నీకు?"

పైగా మా ఇంట్లో ఎలుకను ఎలుక అనకూడదు. వినాయకుడి వాహనం కదా... జేజి మర్యాదగా 'ఆయప్ప' అనేది, మా వైపు 'ఆయన' అన్నట్టు. "ఆయప్ప మళ్లా వచ్చిపొయ్‌నాడు" అంటే కొత్తగా వచ్చిన చుట్టాలు, ఎవరా ఆయప్ప అని బిత్తరపోయేవాళ్లు.

కాబట్టి మిగిలింది బోను. అందులో ఎండుకొబ్బరి ముక్క... పొద్దున చూస్తే లోపల ఆయప్ప. ఇక జేజి సాగనంపడం మొదలు. కమ్మీల సందులోంచి పుట్నాలు, బెల్లం ముక్క లోపలికి వేసేది.

"ఇల్లు ఇడిసి పొయ్యేవాళ్లని ఒట్టి కడుపుతో పంపుతారేమిరా!"

తర్వాత నాయన ఆ బోనును తువ్వాల కింద దాచుకుని, ఊరివాళ్లెవరూ చూడకుండా ఎండిపోయిన వంక దాటి అవతల వదిలొచ్చేవాడు. వెనక నేను... సైన్యంలాగా.

అలా ఎంతమందిని సాగనంపినా మూటలు సన్నబడటం ఆగలేదు.

ఒక పొద్దున వంక నడిమధ్యలో ఓబులేసు మామ ఎదురయ్యాడు. వంకకు అవతలి ఇల్లు ఆయనది. ఆయన చంకలోనూ ఒక తువ్వాల మూట!

"యాడికి పోతాండావు బావా, ఇంత పొద్దున్నే?" అన్నాడు నాయన.

"ఈడికే... వేపపుల్ల ఇరుసుకుందామని. నువ్వో?"

"నేనూ అందుకే."

ఆ వంకలో కనుచూపు మేర వేపచెట్టు లేదు. ఇంతలో మామ చంకలోంచి కిచకిచమంది. మా తువ్వాలలోంచి జవాబు వెళ్లింది.

"నీ వేపపుల్ల అరుస్తాండాది బావా," అన్నాడు నాయన.

మామ ఇసుకలో చతికిలబడ్డాడు. "అనుకుంటానే ఉండా! మా ఇంటికొచ్చేవన్నీ ఇంత బలిసి ఉండాయే, మేపి తోలేదెవరబ్బా అని... నువ్వా!"

"మా అమ్మ పుట్నాలు పెట్టందే పంపదు బావా."

"మా ఇంట్లో అయితే నెయ్యన్నం!"

ఇద్దరూ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. ఆయప్పలిద్దరినీ కారులో కొండ అవతలికి దిగబెట్టి రావాలని అక్కడే తీర్మానమైంది.

కారు కదిలితే కదా! ఇంజను లేవడానికి కారు ముందువైపు దూర్చి తిప్పే హ్యాండిలు కోసం మామ వెనక సీటు ఎత్తాడు. ఎత్తి, అట్లాగే నిలబడిపోయాడు.

"అత్తా... ఒకసారి ఇట్లా రా."

సీటు కింద, పీచు మధ్యన... కుప్పగా వేరుశనక్కాయలు. మా విత్తనం!

జేజి చేట పట్టుకుని వచ్చింది. ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించి, గింజ చప్పుడు విని, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"చూస్తిరా? ఆయప్ప తినలేదురా. మనకోసరం దాసిపెట్టినాడు."

"మనకోసరం కాదత్తా, వాళ్ల పిల్లలకోసరం."

"అయితే వాళ్లకూ ఒక గుప్పెడు ఉంచు."

కొరికినవి పోగా మిగిలిన కాయలు చేనుకు సరిపోయాయి. వాటిని దూలానికి వేలాడదీశారు. కారు మాత్రం కదల్లేదు. బోన్లు రెండూ మామ ఎద్దులబండి మీద కొండ దాటాయి... జేజి కట్టిచ్చిన దారిబత్తెంతో. ఆ ఏడు వాన పడింది. ఎర్రచేను పచ్చబడింది.

ఇప్పుడు మా అపార్ట్‌మెంటు పార్కింగ్‌లో ఎలుక కనబడితే, ఫోన్ చేయగానే ఎవరో వచ్చి జిగురు అట్టలు పెట్టిపోతారు. శుభ్రంగా అయిపోతుంది. అది ఎవరింటి నుంచి వచ్చిందో అడుగుదామంటే... పక్క ఫ్లాటు ఆయన పేరు నాకు తెలియదు. మీ ఇళ్లలో ఆయప్పలను ఎట్లా సాగనంపేవాళ్లో కింద రాయండి, కాస్త నవ్వుకుందాం.

ఇంతసేపూ యుద్ధం చేసినవాడిలా మాట్లాడాను గానీ, ఆ రోజు నేను నిజంగా చేసిన పని ఒక్కటే. సీటు లేవగానే ఒక బుల్లి ఆయప్ప నా పాదం మీదుగా పరుగెత్తాడు. నేను కెవ్వుమని కారు టాపెక్కాను. నాయన కసిరినా, మామ బతిమాలినా దిగలేదు. అక్కడే బోర్లా పడుకుని చూస్తూ ఉండిపోయాను... కింద జేజి నెరిసిన ముడి, నాయన తలపాగా, మామ బట్టతల... మూడూ ఒకే చేట మీదికి వంగి, కాయలు ఏరుతూ...

ఇప్పుడు తొమ్మిదో అంతస్తులో ఉంటున్నాను. ఎంత ఎత్తు నుంచి చూసినా ఆ మూడు తలలూ కనబడవు...