అంటించడమైనది

ఈ మధ్యాహ్నం మాంచెస్టర్‌లో మా ఫ్లాట్ల తలుపుకు, లిఫ్టు పనిచేయదంటూ ఎవరో కాగితం అంటించి వెళ్లారు. తడి జిగురు వాసన మెట్ల పైదాకా వచ్చింది. దాంతోపాటే హీత్రూ దగ్గర హౌన్స్‌లోలో సరళ ఆంటీ ముందుగది గుర్తొచ్చింది.

ఆంటీ కోర్టు కాగితాలను తెలుగు నుంచి ఇంగ్లిష్‌లోకి మార్చేవారు. ఒక్కరే ఉండేవారు. చదువుకోవడానికి వచ్చి, డైరీతో తప్ప ఎవరితోనూ మాట్లాడని నన్ను సాయానికి పెట్టుకున్నారు. నేను తెలుగు పైకి చదివితే ఆవిడ తన ఇంగ్లిష్‌తో సరిచూసుకునేవారు. "నీ గొంతు హీత్రూలో సామానుతోపాటు పోయిందా ఏంటమ్మాయ్? గట్టిగా చదువు," అనేవారు.

ఒక చలికాలం పద్మ అనే ఆమె కేసు వచ్చింది. ఆమె ఇక్కడ ఉండగా, భర్త మన దేశంలో, అక్కడి కోర్టులో విడాకుల తీర్పు తెచ్చుకున్నాడు. ఆ తీర్పును ఇక్కడి కోర్టూ ఒప్పుకోవాలని అడుగుతున్నాడు. ఆమెకు ముందుగా తెలియజేయకుండా ఇచ్చిన తీర్పయితే ఇక్కడ కాదనవచ్చు. కానీ ఆంటీ అనువాదంలో, నోటీసు ఇంటివద్ద అందించినట్టే ఉంది.

నోటీసు తీసుకెళ్లిన కోర్టు బంట్రోతు చేతిరాత చదువుతూ ఆగిపోయాను.

"ఆంటీ, ఇది... 'అంటించడమైనది'."

"'అందించడమైనది' కదూ?"

"కాదాంటీ. ఇది 'ట'."

అంటే, మనిషి లేని ఇంటి తలుపుకు అతికించి వెళ్లిపోయారు. ఆంటీ కాగితాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూశారు. "ఆ పిల్ల కొంప ముంచేదాన్ని," అంటూ ఫోన్ నా ఒళ్లో పెట్టారు. "పద్మ తరపు సొలిసిటర్‌కి నువ్వే చెప్పు."

"నేనా? మీరే చెప్పండాంటీ."

"తప్పు నాది, చూపు నీది. చెప్పు."

సొలిసిటర్‌కి నా మాట మొదటిసారి వినపడలేదు. రెండోసారి గట్టిగా చెప్పాను.

కోర్టు ఆ తీర్పును ఒప్పుకోలేదు. పద్మ వచ్చి సోఫా అంచున కూర్చుంది. "మళ్లీ కాపురం చేస్తానని కాదాంటీ. ఇకనైనా నన్నూ ఒక మాట అడుగుతారు," అంది. ఆమె వెళ్లాక ఆంటీ కప్పులు కడుగుతూ, "అడిగేవాళ్లంటూ ఉండాలి కదమ్మాయ్," అన్నారు. ఎవరి గురించో నేను అడగలేదు.

ఉద్యోగం వచ్చి ఇటు వచ్చేశాను. కొన్నాళ్లకు ఆంటీ ఫోన్ ఎత్తడం మానేశారు. పోయిన నెల వెళ్లి బెల్లు కొట్టాను. కర్టెన్లు వేసున్నాయి. పక్కింట్లో కొత్తవాళ్లు, వాళ్లకేమీ తెలియదు. చీటీ మీద నా నంబరు రాసి తలుపుకు అంటించి వచ్చాను.

అందిందో లేదో తెలియదు. ఫోన్ మోగినప్పుడల్లా, ముందు గొంతు సవరించుకుంటాను.