బానెట్ మీది గోపురం

మీకు అన్నిటికంటే ముద్దొచ్చే నమ్మకం ఏదుందో, దాన్ని ఎప్పుడైనా గడియారం పట్టుకొని పరీక్షించారా? పక్కింటివాళ్ల నమ్మకం సంగతి కాదు నేనడిగేది. ఆ పని అందరం చేస్తాం, ఉత్సాహంగా కూడా చేస్తాం. మీ సొంతదాని సంగతి చెప్పండి. తొందరేం లేదు. ఈ ప్రశ్న నాకు నేను వేసుకోవడానికే ఇరవై తొమ్మిదేళ్లు పట్టింది, అదీ నా కారు నడిరోడ్డు మీద దగ్గుతూ ఆగిపోయాక.

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల చివర, ఎనభైల మొదట, డల్లాస్ చుట్టుపక్కల తెలుగువాళ్లందరూ కలిసినా ఒక హాలు నిండేది కాదు. ఇప్పుడు మనవాళ్లతో కిటకిటలాడే కాపెల్ ఊరి వైపు అప్పుడు ఆవులు మేసేవి. పండగొస్తే ఎవరో ఒకరింట్లో సోఫాలు గోడవారకు జరిపి పటాలు పెట్టేవారు. వారమంతా రంగుల ఫ్యాక్టరీలో కెమిస్టుగా పనిచేసే ఒకాయన ఆ పూటకు పురోహితుడయ్యేవాడు. అలాంటి సమూహంలో నాస్తికుణ్ణి నేనొక్కణ్ణే. కాలేజీ రోజుల నుంచీ వాదసభల్లో ఆరితేరినవాణ్ణి. వేళ్ల సందున ఉండ దాచి గాల్లోంచి విభూతి తీసే విద్య గుట్టును వేదికెక్కి రట్టు చేసినవాణ్ణి (ఒకసారి ఆ ఉండ జారి అధ్యక్షులవారి కాఫీలో పడింది; ఆయన తాగేశారు గాని, చర్చలో మాత్రం నేనే గెలిచాను). ఎవరేం చెప్పినా ‘ప్రూఫ్ ఏది?’ అని అడిగేవాణ్ణి కాబట్టి అందరూ నాకు ప్రూఫ్‌రావు అని పేరు పెట్టారు. నేనది బిరుదనుకునేవాణ్ణి.

నాకు నిత్యం దొరికే ప్రత్యర్థి మా డాక్టరుగారు. పిల్లల వైద్యుడు, మంచి మనిషి, పెట్టే చెయ్యి. ఆయన స్టేషన్ వ్యాగన్ కొన్న రోజున నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. అంతటితో ఆగలేదు. ముందు బంపరు వెనక, ఎవరికీ కనపడకుండా, రెండు నిమ్మకాయలూ ఏడు మిరపకాయలూ దారానికి గుచ్చి వేలాడదీసేవాడు. మన పచ్చిమిరపకాయలు అక్కడ దొరికేవి కావు గనక లావుపాటి మెక్సికన్ మిరపకాయలు గుచ్చేవాడు. మన దిష్టి మెక్సికన్ కారానికి ఎందుకు భయపడాలి అని నేనడిగితే, ‘దిష్టికి వీసా ఉండదోయ్’ అనేవాడు. ఆ వ్యాగన్ నడిపేది ఎక్కువగా ఆయన భార్య. మేమంతా ఆమెను అక్కయ్య అనేవాళ్లం. ఆమె ఏ చర్చలోనూ మాట్లాడేది కాదు. వడ్డించేది, నవ్వేది, వెళ్లేటప్పుడు డబ్బాలో కూర పెట్టి ఇచ్చేది.

సరే, ఇక నా భక్తి కథ. నేను పంపులు తయారుచేసే కంపెనీలో ఇంజనీర్ని. ఏ గొట్టంలో నీరు ఎంత వేగంతో పోతుంది, గొట్టం లావైతే వేగం ఎంత తగ్గుతుంది, ఇదే పొద్దస్తమానం నా లెక్క. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను గుర్తుపెట్టుకోలేదు. నాకొక పాత రెండు తలుపుల కారు ఉండేది, ఎనిమిది సిలిండర్లది, చక్కగా నడిచేది. శనివారం సాయంత్రాలు ఒక హాంబర్గర్ల షాపు ముందు కుర్రకారు తమ హాట్‌రాడ్లు తెచ్చి నిలిపేవారు. హాట్‌రాడ్ అంటే పాత కారు కడుపులో కొత్త కోరికలు పెట్టడం. అక్కడ మొదటిసారి చూశాను టన్నెల్ ర్యామ్‌ను. ఇంజను నడినెత్తిన నిలువుగా లేచిన అల్యూమినియం గొట్టాల కట్ట, దాని మీద ఒక పెట్టె, ఆ పెట్టె మీద పక్కపక్కనే రెండు పెద్ద కార్బ్యురేటర్లు. ఇంజనులోకి గాలీ పెట్రోలూ దిగే దారి అది. పందెపు కార్ల కోసం పుట్టిన వస్తువు. బానెట్ కింద ఇమడదు, కాబట్టి బానెట్‌కు కన్నం కోసి, అందులోంచి గోపురంలా పైకి నిలబెడతారు. ఆ గోపురం చుట్టూ పదిమంది కుర్రాళ్లు చేతులు కట్టుకొని గుండ్రంగా నిలబడి ఉన్నారు. గట్టిగా మాట్లాడటం లేదు. తాకేముందు ఒకడు చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. కారు ఎంత వేగంగా పోతుందని ఒక్కడూ అడగలేదు. నేనూ అడగలేదు! జీవితంలో మొదటిసారి ప్రూఫ్‌రావు నోట ‘ప్రూఫ్’ అన్న మాట రాలేదు.

మర్నాడే మా మెకానిక్ దగ్గరికి పరుగెత్తాను. రేకుల షెడ్డులో ఒక్కడే పనిచేసుకునే ముసలాయన. జేబుల నిండా బోల్టులుండేవి గనక బోల్టుల తాత అనేవాళ్లం. నా కోరిక విని చేతులు తుడుచుకుంటూ, “బాబూ, దీన్ని నడుపుతావా, చూపిస్తావా?” అన్నాడు.

“రోజూ ఆఫీసుకు నడుపుతాను.”

“అయితే విను. పందెంలో ఇంజను ఎప్పుడూ కేకలేస్తూనే ఉంటుంది, గాలి ఈ లావుపాటి గొట్టాల్లో పరుగెత్తుకొస్తుంది. నీ ఊళ్లో సిగ్నల్‌కీ సిగ్నల్‌కీ మధ్య గాలి షికారుకొచ్చినట్టు వస్తుంది. గాలి నెమ్మదిస్తే దాంట్లోని పెట్రోలు గొట్టం అడుగున పడుకుంటుంది. కావాలంటే చిన్న కార్బ్యురేటర్లు రెండు పెట్టుకో, వెనక ఇరుసులో గేర్లు మార్చు, ఓపిగ్గా ట్యూన్ చెయ్. అప్పుడు ఫరవాలేదు.”

గొట్టం లావైతే వేగం తగ్గుతుందని నాకు, ఆ ఉద్యోగమే చేసి బతుకుతున్న నాకు, ఆయన చెబుతున్నాడు! నేనేమన్నానో తెలుసా? “చిన్నవి బాగుండవు. పెద్దవే పెట్టు” అన్నాను. తాత పెద్దవే పెట్టాడు. పీకేసిన పాత ఇనుప గొట్టాల కట్టనూ, దాని ఒంటి కార్బ్యురేటర్నూ గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు.

ఇక నా వైభవం చూడాలి. ఎదుటి రోడ్డు కనపడక మెడ కిటికీలోంచి చాచి నడిపేవాణ్ణి. చలికాలం పొద్దున బండి స్టార్ట్ చేస్తే వీధిలోని పెంపుడు కుక్కలన్నీ ఒక్కసారిగా మొరిగి ఒక నిర్ణయానికి వచ్చేవి. సిగ్నల్ పచ్చబడగానే పెడల్ తొక్కితే ఇంజను ఒక క్షణం ఆలోచించి, దగ్గి, నల్లగా ఒక నిట్టూర్పు విడిచి, అప్పుడు కదిలేది. వెనకవాళ్లు హారన్ కొడితే అసూయ అనుకునేవాణ్ణి. నా రూమ్మేట్ వరంగల్ వాడు, మొహమాటం ఎరగనివాడు. “ఏంది భై, నీ బండికి ఉబ్బసం పట్టిందా? మొన్న స్కూల్ బస్సు గూడ మనల్ని దాటిపాయె!” అన్నాడొకరోజు. “ఇంకా సెట్ కాలేదు” అన్నాను. ఫలితం కనపడనప్పుడు భక్తులు చెప్పే మాట సరిగ్గా ఇదే అని నాకు తట్టలేదు.

ఒక ఆదివారం డాక్టరుగారింట్లో భోజనాల దగ్గర నిమ్మకాయల మీద నా ఉపన్యాసం తారస్థాయికి చేరింది. ఆయన పెరుగన్నం కలుపుతూ, “ఏమోయ్ ప్రూఫ్‌రావ్, నా నిమ్మకాయల బండి నీ గోపురం బండి కంటే స్మూత్‌గా పోతుంది. కాదంటావా?” అన్నాడు.

“కాదంటాను. టెస్ట్ చేద్దాం. సిగ్నల్ దగ్గర ఆగి బయల్దేరినట్టు బయల్దేరాలి, స్టాప్‌వాచ్ పెట్టాలి, మూడేసి సార్లు. ఓడితే మీరు దారం తెంపి, నిమ్మకాయలకు ఏ శక్తీ లేదని అందరి ముందూ చెప్పాలి.”

“ఒప్పుకున్నా. నువ్వు ఓడితే వచ్చే పౌర్ణమికి మా ఇంట్లో పంచె కట్టుకొని పీట మీద కూర్చుని, సత్యనారాయణ వ్రత కథ ఐదధ్యాయాలూ వినాలి. ఒక్క ప్రశ్న... ఒక్కటంటే ఒక్క ప్రశ్న కూడా అడక్కూడదు!”

పీట మీద కూర్చోవడం నాకు పెద్ద లెక్క కాదు. ప్రశ్న అడగకపోవడం! పన్నెండేళ్లుగా నన్ను నేను ఏమనుకుంటున్నానో అదంతా ఆ పళ్లెంలో పెట్టమంటున్నాడు. అయినా వెనక్కి తగ్గడమా? సరేనన్నాను.

తర్వాతి ఆదివారం పొద్దున, ఇంకా ఇళ్లు కట్టని కొత్త కాలనీ రోడ్డు మీద కలుసుకున్నాం. రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంది. డాక్టరుగారు ఈ చివర రుమాలుతో, మా రూమ్మేట్ ఆ చివర స్టాప్‌వాచ్‌తో. వ్యాగన్ తోలేది ఎవరని అడిగితే, “నాకు గేర్ల గొడవ తెలీదు, మీ అక్కయ్యే” అన్నాడాయన. ఆమె పట్టుచీర మీద స్వెటర్ వేసుకొని, వెనక సీటు మీద పులిహోర గిన్నెకు తడి తువ్వాలు చుట్టి, సీటుబెల్టు పెట్టి మరీ వచ్చింది (ఆ తర్వాత అందరం పార్కులో భోజనం చేయాలన్నది కార్యక్రమం). ఆమె మూడుసార్లూ పాలబ్బాయి ఇంటికి వచ్చినంత మామూలుగా వెళ్లి వచ్చింది. పులిహోరలో ఒక్క పోపు గింజ కదల్లేదు.

నేను మొదటిసారి బయల్దేరాను. దగ్గు, నిట్టూర్పు, ఆపైన గర్జన. ఆ గర్జన మొదలయ్యేసరికి రోడ్డు అయిపోయింది. “రెండు సెకన్లు లేటు భై!” అని రూమ్మేట్ అరిచాడు. రెండోసారి ఇంకా గట్టిగా తొక్కాను. ఇంకా ఎక్కువ దగ్గింది. మూడోసారి కసికొద్దీ నేలకు తొక్కిపెట్టాను. ఇంజను ఒక్కసారి ఫటేల్మని తుమ్మి, సగం దారిలో ఆగిపోయింది. గోపుర శిఖరం మీద, రెండు కార్బ్యురేటర్ల నోట్లోంచి జానెడు మంట లేచింది.

నేను దిగి, చేతులు ఊపుతూ, న్యూటన్ సూత్రాలన్నీ మరిచిపోయి నిలబడ్డాను. అక్కయ్య వ్యాగన్ ఆపి, గిన్నె మీది తడి తువ్వాలు లాగి, మంట మీద మూతలా కప్పింది. అంతే, ఆరిపోయింది.

“అబ్బాయ్, చెయ్యి కాలిందా?” అంది.

“లేదక్కయ్యా.”

అంతలో రూమ్మేట్ రొప్పుకుంటూ వచ్చాడు. “ఫికర్ చెయ్యకు భై. హారతి గూడ అయిపాయె, ఇగ ప్రసాదం తినుడే!”

పులిహోర తిన్నాం. చాలా బాగుంది. ఓడినవాణ్ణయినా రెండుసార్లు వేయించుకున్నాను.

పౌర్ణమి వచ్చింది. పంచె కట్టుకున్నాను. మాట ఇచ్చాక తప్పించుకోవడం హేతువాదం కాదు, పిరికితనం. ఊళ్లో తెలుగువాళ్లందరూ వచ్చారు, వ్రతం మీద భక్తితో కాదు, నా నోరు మూతపడటం కళ్లారా చూడ్డానికి. పురోహితుడైన కెమిస్టుగారు ప్రతి అధ్యాయం చివరా ఆగి, నావైపు ఆశగా చూసేవాడు. ప్రసాదం తినకపోతే పడవ మునిగిన చోట నా లోపల పదకొండు ప్రశ్నలు లేచాయి. పెదవి కొరుక్కున్నాను. ఐదో అధ్యాయం పూర్తయ్యేసరికి నాకు జ్వరం వచ్చినట్టయింది. అప్పుడు డాక్టరుగారు లేచి, తీర్థం గిన్నె చేత్తో పట్టుకొని, సభనుద్దేశించి, “చూశారా! ఆ రోజు నా బండిని గెలిపించింది ఏమిటి? బంపరు వెనక ఆ రెండు నిమ్మకాయలు!” అన్నాడు.

వంటింటి గుమ్మంలోంచి అక్కయ్య గొంతు మెల్లగా వినిపించింది. “ఆ రోజు బండికి నిమ్మకాయలు లేవండీ.”

“ఏంటి? శనివారమే కట్టానుగా!”

“కట్టారు. ఆదివారం పొద్దున పులిహోరకి రెండు తక్కువయ్యాయి. అంత పొద్దున షాపెక్కడ తీస్తారు? శుభ్రంగా కడిగే పిండాను. మిరపకాయలు సాయంత్రం బజ్జీలు వేశాను, మీరే బాగున్నాయన్నారు.” కొంచెం ఆగి, నావైపు తిరిగి అంది: “మీరు మూడు వారాలు దెబ్బలాడుకున్నారు. ఒక్కరైనా వంగి ఆ బంపరు వెనక చూశారా?”

డాక్టరుగారు తీర్థం తానే తాగేశాడు. నేను గెలిచానని కేక పెట్టవచ్చు కదా అంటారా? పెట్టలేకపోయాను. ఆయన నమ్మకాన్ని పన్నెండు రకాలుగా ఎగతాళి చేసినవాణ్ణి, నా గోపురాన్ని నాలుగు నెలలు ఒక్కసారైనా కొలవలేదు. కొలిచే విద్యే నా వృత్తి అయి ఉండి! ఆయన నిమ్మకాయలు కనీసం పులిహోరలోకి పనికొచ్చాయి. ఆ హాల్లో నిజమైన హేతువాది ఎవరంటే, ఒక్క చర్చలోనూ నోరు విప్పని ఆ మనిషి. మేం ఆమెను ఏ సభకూ పిలవలేదు, ఏ అభిప్రాయమూ అడగలేదు. మా సంస్కరణంతా హాల్లోనే జరిగేది, వంటింటి గుమ్మం దాటేది కాదు.

మర్నాడు బోల్టుల తాత దగ్గరికి వెళ్లాను. ఆయన నన్ను చూసి నిచ్చెన వేసుకొని అటక మీది గుడ్డమూట దించాడు. “పారేయలేదా?” అన్నాను. “వస్తావని తెలుసు. కొందరు ఏడాదికి వస్తారు. నువ్వు తెలివైనవాడివి, నాలుగు నెలలకే వచ్చావు” అన్నాడు. పాతది బిగించాక అదే రోడ్డు మీద, అదే స్టాప్‌వాచ్‌తో, మూడుసార్లు కొలిచాను. నా కారు నా గోపురం కంటే వేగంగా పోయింది. బానెట్ మీద కోసిన కన్నం మాత్రం అలాగే ఉండిపోయింది. వానాకాలంలో దాని మీద పిండివంటల ట్రే ఒకటి బోర్లించి నడిపేవాణ్ణి. రూమ్మేట్ దాన్ని కిరీటం అనేవాడు.

ఆ టన్నెల్ ర్యామ్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మా ఇంటి గుమ్మం పక్కన గొడుగుల స్టాండుగా పనిచేస్తోంది. ఆ పనికి చక్కగా సరిపోయింది. శనివారం పూట మెత్తటి గుడ్డతో దాన్ని తుడుస్తూ ఉంటాను. “ప్రతి శనివారమే ఎందుకు?” అని మా ఆవిడ అడుగుతుంది. అలవాటంటాను. భక్తులందరూ అదే అంటారని నాకు తెలుసు. తెలిసీ తుడుస్తాను, తుడుస్తూ ఆ ఇరవై తొమ్మిదేళ్ల ప్రూఫ్‌రావును తలుచుకొని కాస్త నవ్వుకుంటాను. పాపం, మెడ కిటికీలోంచి చాచి ఎంత గర్వంగా నడిపేవాడు!

మీకూ ఒక గోపురం ఉంది. లేదని నాతో వాదించకండి, వాదాల్లో గెలవడం నాకు బాగా వచ్చు, దానివల్ల ఏమీ తేలదని కూడా తెలుసు. ఈ కాగితం పక్కన పెట్టండి. లేవండి. ఎదుటివాడి నిమ్మకాయలను ఎగతాళి చేసే ముందు, మీ సొంత బంపరు వెనక వంగి చూడండి. ఇవాళే చూడండి.