ఇష్టప్రకారం మానేసినవాళ్లు

"నన్ను తీసేసింది మీరు. నేనే పోతున్నానని నా చేత్తో ఎందుకు రాయాలి?"

"రాయకపోతే ఈ నెల జీతం కూడా రాదమ్మా. ఊఁ, కానియ్, రాయి."

"పదమూడేళ్లు కాలర్లు కుట్టాను. మీకు మనసనేది లేదా?"

"ఉండబట్టే దగ్గర కూర్చుని రాయిస్తున్నా. కన్నీళ్లు కాగితం మీద పడనీకు, మళ్లీ మొదటినుంచీ రాయాలి."

సరుకు రసీదుల మీద సంతకం కోసం తలుపు బయట నిలబడి ఇదంతా విన్నాను. లోపల రాయిస్తున్నది మా చొక్కాల ఫ్యాక్టరీ ఇంగ్లీషు గుమస్తా. అందరూ డిక్షనరీ అంటారు. ఆయన మేడమీద గదిలో అద్దెకుంటాను కాబట్టి నాకు బాబాయ్. కాలేజీ మధ్యలో వదిలేసి వ్యాను తోలుకుంటున్నందుకు రోజూ ఆయన చేత తిట్లు తినేవాణ్ని.

మా ఫ్యాక్టరీలో ఎవర్నీ తీసేయరు. అందరూ మానేస్తారు. తీసేస్తే నష్టపరిహారం ఇవ్వాలి, మానేస్తే అక్కర్లేదు. అందుకే పోయే మనిషి 'ఆఫ్ మై ఓన్ అకార్డ్' మానేస్తున్నానని, అంటే నా ఇష్టప్రకారమేనని, సొంత దస్తూరితో రాసివ్వాలి. సగం మందికి ఇంగ్లీషు అక్షరాలే రావు. ముగ్గు గీసినట్టు గీసేవారు. 'ఆఫ్' దగ్గర 'ఆన్' పడితే బాబాయ్ కాగితం చించి మళ్లీ రాయించేవాడు. కటింగు సెక్షన్ ముసలాయన చేత ఐదుసార్లు రాయించాడు. ఆయన వేళ్లు బిగుసుకుపోతే, "పోయేది ఇష్టంతోనే గదా, కాస్త ఇష్టంగా రాయండి" అన్నాడు. ఆ ముక్క ఇంట్లో భోజనాల దగ్గర చెప్పి తనే నవ్వుకున్నాడు.

పిన్ని నవ్వలేదు. "ఉసురు తగులుతుందండీ" అంది.

"తగిలితే తగలనీ. ఇంగ్లీషు మాత్రం తప్పు పోకూడదు."

నాకు కామెర్లొస్తే ఇరవై రోజులు ఆసుపత్రికి తిప్పింది ఈ మనిషే. కానీ కాగితం మీద ఆ నాలుగు మాటలు సరిగ్గా పడితే చాలు, వాటికింద ఎవరు నలిగినా ఆయనకు పట్టేది కాదు.

ఈమధ్య కొత్త ఆఫీసరమ్మ వచ్చింది. ఆ మానేసే ఉత్తరాన్ని అచ్చు వేయించింది. పేరు, తేదీ నింపి సంతకం పెడితే చాలు. ఇక రాయించేవాడితో పనేముంది? మొదటి కాగితం బాబాయ్‌కే ఇచ్చింది. ట్రిప్పు అయ్యాక వ్యాను తాళాలు అప్పగించడానికి వెళ్లి నేనూ ఆ గదిలోనే ఉన్నాను.

బాబాయ్ కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు. "ఇందులో తప్పుంది మేడమ్. ఆన్ కాదు, ఆఫ్."

"ఎవరు చదువుతారండీ. ఇక్కడ పెట్టండి."

"రెండు నిమిషాలివ్వండి, చేత్తో శుభ్రంగా రాసిస్తాను."

"బయట ఇంకా పదకొండు మంది ఉన్నారు సార్."

ఆ సంతకంతో తనకు నష్టపరిహారం పైసా రాదని అందరికంటే ఆయనకే బాగా తెలుసు. అయినా పెట్టాడు. సిరా ఆరకముందే ఆమె కాగితం లాక్కుంది.

బయట వరుసలోంచి ఎవరో, "డిక్షనరీకి అట్ట ఊడిందిరోయ్" అన్నారు. అందరూ నవ్వారు. అబద్ధమెందుకు, నేనూ నవ్వాను.

సాయంత్రం ఇద్దరం నడిచి వస్తున్నాం. మా వీధి మలుపు దగ్గర ఆగి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"తీసేశారని తెలిస్తే మీ పిన్ని ఉసురే అంటుంది. అన్నం వడ్డిస్తూ అంటుంది, నేను చచ్చేదాకా అంటుంది."

"అయితే ఏం చెప్తారు?"

"నేను చెప్తే నమ్మదురా. నువ్వు ముందు వెళ్లు. నేనే మానేశానని చెప్పు. వాళ్లు ఉండమని ఎంత బతిమాలినా వినలేదని చెప్పు."